గడప దగ్గర ఆగిన శాసనం: సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఇంటిపని, వెట్టి నుంచి వేతన స్మృతి దాకా

వ్యాససంగ్రహం: నేటి సంగారెడ్డి జిల్లా ప్రాంతం గత వంద సంవత్సరాల్లో వెట్టి వ్యవస్థను, ప్రభుత్వరంగ కర్మాగారాల టౌన్‌షిప్‌లను, ఆ తరువాత వచ్చిన గేటెడ్ కమ్యూనిటీలను వరుసగా చూసింది. ఈ మూడు దశల్లోనూ ఇళ్లలో పనిచేసే స్త్రీ ఉంది. పొలంలో శ్రమకూ, కర్మాగారంలో శ్రమకూ పేరుపెట్టి రక్షణ కల్పించిన చట్టాలు ఇంట్లో జరిగే శ్రమను మాత్రం చాలాకాలం గుర్తించలేదు. 2007లో కనీస వేతనాల చట్టం షెడ్యూలులో ఇంటిపని చేరడంతో ఆ స్థితి కొంత మారింది. అయితే 2025 నవంబరులో అమలులోకి వచ్చిన వేతన స్మృతి ఆ షెడ్యూలునే తొలగించింది. ఈ చట్ట చరిత్రను ఆ ప్రాంత సామాజిక చరిత్రతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇంటిపని కార్మికులు, వెట్టి, ఆడబాప, కనీస వేతనం, పటాన్‌చెరు, వేతన స్మృతి.

1. ఉపోద్ఘాతం

పనిమనిషి, పనావిడ, వంటమనిషి, ఆయా అనే మాటలు తెలుగు ఇళ్లలో నిత్యం వినిపిస్తాయి. వీటిలో 'ఆయా' పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. వలస పాలకుల ఇళ్లలో పిల్లలను పెంచిన స్త్రీకి స్థిరపడిన ఆ పేరు నేడు బడిలోని సహాయకురాలికీ, ఆసుపత్రిలో రోగిని చూసుకునే ఆమెకూ కూడా వర్తిస్తోంది. 'జీతం' అనే మాట చరిత్ర ఇంకా విచిత్రమైనది. తెలంగాణ పల్లెల్లో 'జీతగాడు' అంటే ఏడాదికి ఇంత అని కుదుర్చుకొని, చాలా సందర్భాల్లో అప్పు తీర్చడానికి, ఆసామి ఇంట్లో ఉండిపోయిన పాలేరు. అదే మాట కర్మాగార ఉద్యోగి విషయంలో గౌరవసూచకమైంది. ఇంటిపని చేసే స్త్రీకి ఇచ్చే డబ్బును కూడా జీతమే అంటారు. అది ఈ రెండు అర్థాల్లో దేనికి దగ్గరగా ఉందన్న ప్రశ్నకు చట్టం ఇచ్చిన సమాధానాలు కాలాన్నిబట్టి మారుతూ వచ్చాయి.

2. దొర ఇంటి లోపల

నిజాం పాలనలోని తెలంగాణలో వెట్టి గురించి విస్తృతమైన సాహిత్యం ఉంది. కులవృత్తుల వారు దొరకూ, సర్కారు అధికారులకూ ఉచితంగా చేయవలసిన పనుల పట్టిక చాలా పెద్దది. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, మాదిగ తోలుపని చేసి సామాను మోయాలి. ఈ పట్టికలో గడీ లోపల జరిగే పనికి ప్రత్యేక స్థానం ఉంది. నీళ్లు తోడడం, వడ్లు దంచడం, పిల్లలను ఎత్తుకోవడం, దొరసానికి స్నానం చేయించడం వంటివి స్త్రీల వెట్టి. దొర కుమార్తె పెళ్లయి అత్తవారింటికి వెళ్లేటప్పుడు ఆమె వెంట పంపే పిల్లలను 'ఆడబాపలు' అనేవారు. వారికి కూలి లేదు, గడువు లేదు, చాలామందికి సొంత సంసారం కూడా లేదు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటంపై 1972లో వెలువరించిన గ్రంథంలో ఈ ఆచారాన్ని వెట్టిలో అత్యంత హేయమైన రూపంగా పరిగణించారు. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర' పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వారి మాటల్లోనే నమోదు చేసింది.

ఈ చరిత్రలో నేటి సంగారెడ్డి జిల్లాకు ఒక ప్రత్యేకత ఉంది. 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది జోగిపేటలో. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళా సభ కూడా సమావేశమైంది. అప్పటికే మాడపాటి హనుమంతరావు తదితరులు ఆంధ్ర జన సంఘం ద్వారా వెట్టికి వ్యతిరేకంగా ప్రచారం చేస్తున్నారు. ఆ ప్రచారం ప్రధానంగా అధికారులు రైతులచేత, వ్యాపారులచేత, వృత్తికులాలచేత చేయించుకునే పనిపై నిలిచింది. మహిళా సభల చర్చలు విద్య, బాల్యవివాహాలు, వితంతు సమస్య చుట్టూ సాగాయి. గడీలోపలి దాసి ఈ రెంటి మధ్యా మిగిలిపోయింది. సంస్కరణోద్యమం మధ్యతరగతి గృహిణి గురించి ఆలోచించినంతగా ఆమె ఇంట్లో గిన్నెలు తోమే స్త్రీ గురించి ఆలోచించలేదన్నది కఠినమైన మాటే గానీ, కొట్టివేయదగినది కాదు.

3. పేర్ల జాబితా

రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని, నిర్బంధ శ్రమను నిషేధించింది. ఆ నిషేధానికి శిక్షలతో కూడిన చట్టరూపం రావడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైన వెట్టిచాకిరీ వ్యవస్థ నిర్మూలన చట్టంలో పరిశోధకులు తప్పక చూడవలసిన భాగం ఒకటుంది. 'ఒప్పందం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనం కింద, దేశంలోని వివిధ ప్రాంతాల్లో బానిస శ్రమకు ఉన్న స్థానిక పేర్లను వరుసగా పేర్కొన్నారు. ఆ పేర్లు కనబడిన చోట అప్పిచ్చినవాడికీ, తీసుకున్నవాడికీ మధ్య ఒప్పందం ఉన్నట్లే సామాన్యంగా భావించాలన్నది దాని ఉద్దేశం. అందులో తెలుగువారికి తెలిసిన పేర్లు నాలుగు: భాగేలా, జీత, పాలేరు, వెట్టి.

ఆడబాప అందులో లేదు. దీన్ని కేవలం పొరపాటుగా చూడలేం. చట్టం ఊహించిన బానిస, అప్పుపడి పొలానికి కట్టుబడిన పురుషుడు. ఆడబాప అప్పు తీసుకోలేదు. ఆమెను కట్నంతో పాటు పంపారు. నిజానికి చట్టం చేసిన ప్రధాన నిర్వచనం విశాలమైనదే. ఆచారం వల్ల గానీ, పుట్టిన కులం వల్ల గానీ చేయవలసివచ్చే పనిని కూడా అది వెట్టిగానే లెక్కిస్తుంది. కాబట్టి ఆడబాప చట్టం వెలుపల ఉందని అనలేం. కానీ పేరు ఉన్న చోట ఒప్పందాన్ని ఊహించాలి. పేరు లేనిచోట మొదటి నుంచి నిరూపించాలి. ఇంటి లోపల నిరూపించడమంటే ఎవరి సాక్ష్యంతో అన్నది మిగిలే ప్రశ్న.

4. కర్మాగారాలు వచ్చిన తరువాత

1964లో ఏర్పడిన భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ రామచంద్రాపురం కర్మాగారంతో ఈ ప్రాంత రూపురేఖలు మారాయి. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ ఏర్పడి, సుమారు 1,400 హెక్టార్ల భూమి పరిశోధనా క్షేత్రమైంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుంచి ఎన్నికయ్యాక పారిశ్రామిక విస్తరణ వేగం పుంజుకుంది. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడల్లో మందుల, రసాయన పరిశ్రమలు వరుసగా వెలిశాయి.

ఈ చరిత్రను సాధారణంగా ఉద్యోగాల చరిత్రగానే రాస్తారు. దానికి మరొక పార్శ్వం ఉంది. టౌన్‌షిప్ క్వార్టర్లలోకి వచ్చిన ఇంజనీర్ల, క్లర్కుల కుటుంబాలు అత్తమామలకు, అక్కచెల్లెళ్లకు దూరంగా వచ్చినవి. బాలింతకు తోడుగా, పసిబిడ్డను చూసుకోవడానికి, అంట్లు తోమడానికి బయటి మనిషి అవసరమైంది. ఆ మనిషి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చింది. అదే కాలంలో ఆ పల్లెల వ్యవసాయం దెబ్బతిన్నది. పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులో చేరి చెరువులను, బావులను పాడుచేసిన విషయం 1990లో సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. ఆ వ్యాజ్యం ఫలితంగా పరిహారం భూమిని బట్టి, ఎకరాలను బట్టి లెక్కకు వచ్చింది. ఆ పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి బతికిన భూమిలేని స్త్రీకి ఎకరాలు లేవు. కాలుష్యం వల్ల ఆమె పోగొట్టుకున్నది కూలిపని. దానికి లెక్క కట్టే గడి పరిహారం పట్టికలో లేదు. టౌన్‌షిప్ ఇంటిపనిలోకి ఆమె రాకను 'ఉపాధి అవకాశం' అని మాత్రమే వర్ణించే రచనలు ఈ సంగతిని విస్మరిస్తున్నాయి.

కర్మాగారంలో చట్టం ఎంత చిక్కగా ఉందో గమనించాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం పనిగంటలు నిర్ణయించింది. ముప్పై మందికి మించి స్త్రీలున్న కర్మాగారంలో వారి పిల్లలకు శిశుసంరక్షణ గది ఉండాలన్నది. అదే ఏడాది వచ్చిన ఉద్యోగుల రాజ్యబీమా చట్టం వైద్యాన్ని, జబ్బుపడిన రోజుల భత్యాన్ని ఇచ్చింది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి వేతన సెలవును 26 వారాలకు పెంచారు, యాభై మందికి పైగా పనిచేసే సంస్థల్లో శిశుసంరక్షణ కేంద్రాన్ని తప్పనిసరి చేశారు. ఆ కేంద్రం లేనిచోట, లేదా ఉన్నా నమ్మకం కుదరనిచోట, ఉద్యోగిని ఇంట్లో ఆయాను పెట్టుకుంటుంది. ఆ ఆయాకు ప్రసూతి సెలవు లేదు. ఒక స్త్రీ హక్కుకు ఏర్పడిన లోటును మరొక స్త్రీ హక్కులేని శ్రమతో పూడ్చడం ఈ ప్రాంతంలో అర్ధశతాబ్దిగా సాగుతున్న ఏర్పాటు.

రామచంద్రాపురంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. ఇంటిపని చేసే స్త్రీ కూడా అక్కడికి వెళ్లగలదు, భర్త ఏదైనా కర్మాగారంలో బీమా ఉన్న కార్మికుడైతే. అప్పుడు ఆమె కార్డుమీద ఉండేది అతని ఆశ్రితురాలిగా. ఆమె సొంత పనికి ఆ కార్డుతో సంబంధం లేదు. అతని కాంట్రాక్టు పని ఆగితే ఆమె వైద్యం కూడా ఆగుతుంది.

5. షెడ్యూలులో ఒక పద్దు

ఇంటిపనికి చట్టం చేయాలన్న ప్రయత్నం కొత్తది కాదు. 1959లోనే పార్లమెంటులో ప్రైవేటు బిల్లు వచ్చింది, చట్టం కాలేదు. ఆ తరువాత దశాబ్దాల్లో మరికొన్ని బిల్లులు అదే దారి పట్టాయి. ప్రత్యేక చట్టం సాధించలేని చోట రాష్ట్రాలు ఒక పక్కదారి వెదికాయి. 1948 కనీస వేతనాల చట్టం దేశంలోని అన్ని పనులకూ వర్తించేది కాదు. షెడ్యూలులో పేరున్న పనులకే వర్తించేది. మొదట ఆ షెడ్యూలులో తివాచీల నేత, బియ్యపు మిల్లులు, పొగాకు, తోటలు, రోడ్డుపని, రాళ్లు కొట్టడం, వ్యవసాయం వంటివి ఉన్నాయి. మూడు నెలల ముందస్తు ప్రకటనతో కొత్త పనిని చేర్చే అధికారం 27వ సెక్షను రాష్ట్రాలకు ఇచ్చింది. కర్ణాటక, కేరళ ముందు నడవగా, ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనిని తన షెడ్యూలులో చేర్చింది. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు పునర్వ్యవస్థీకరణ చట్టం ప్రకారం పాత శాసనాలు కొనసాగాయి.

చూపుకు ఇది చిన్న మార్పు. దాని బరువు 1982 నాటి ఒక తీర్పుతో కలిపి చదివినప్పుడే తెలుస్తుంది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే అని తేల్చారు. ఆకలి కూడా నిర్బంధమే అన్నది ఆ తీర్పులోని తర్కం. కాబట్టి 2007 తరువాత పటాన్‌చెరులోనో, సంగారెడ్డిలోనో ఒక ఇంట్లో నిర్ణీత వేతనం కంటే తక్కువ ఇస్తే, రాజ్యాంగ భాషలో అది వెట్టి. గడీ నుంచి గేటెడ్ కమ్యూనిటీ దాకా సాగిన దారిలో చట్టం ఇంటి గడపను నిజంగా దాటినది ఈ ఒక్కచోటే.

అమలులో అది ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు అధికారుల అలసత్వం ఒక్కటే జవాబు కాదు. ఇంటిపని కుదిరే పద్ధతే చట్టం లెక్కకు అందదు. అంట్లకు ఇంత, బట్టలకు ఇంత, ఊడ్చి తుడిచినందుకు ఇంత అని పనివారీగా బేరం కుదురుతుంది. ఒకే స్త్రీ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నాలుగైదు ఇళ్లు చేస్తుంది. కనీస వేతనం ఎనిమిది గంటల రోజును, ఒక యజమానిని ఊహిస్తుంది. నాలుగు ఇళ్ల యజమానుల్లో వారపు సెలవు ఇవ్వవలసింది ఎవరు? ఇక రోజంతా ఇంట్లోనే ఉండే ఆయాది, మంచానపడిన వృద్ధుడిని చూసుకునే సహాయకురాలిది దీనికి పూర్తిగా విరుద్ధమైన స్థితి. యజమాని ఒక్కరే, గంటలకు మాత్రం అంతులేదు. రాత్రి రెండుసార్లు లేచిన నిద్రను ఏ పద్దులో రాయాలో ఏ నోటిఫికేషనూ చెప్పలేదు. దీనికి కులం కూడా తోడవుతుంది. వంటింట్లోకి ఎవరు రావాలి, మరుగుదొడ్డి ఎవరు కడగాలి అన్న విభజన పనిరేట్లలోనే కనబడుతుంది.

మరొక అంశం అడ్వాన్సు. కూతురి పెళ్లికో, ఆసుపత్రికో యజమానురాలు ఇచ్చే పదివేలు, ఇరవైవేలు ఉపకారమే. తీరేదాకా ఇల్లు మారకూడదన్న షరతు చేరితే మాత్రం అది 1976 చట్టం వర్ణించిన ఒప్పందానికి చాలా దగ్గరగా వస్తుంది. ఇరుపక్షాలూ దాన్ని అలా చూడరు.

కనీస వేతనాల చట్టం కింద బకాయి కోరే దరఖాస్తుకు ఆరు నెలల గడువు ఉండేది. రసీదు లేదు, నియామక పత్రం లేదు, హాజరు పట్టిక లేదు. ఇక్కడ కొత్త కాలపు వైచిత్రి ఒకటి గమనార్హం. తెల్లాపూర్, కొల్లూరు, అమీన్‌పూర్ ప్రాంతాల్లో బాహ్యవలయ రహదారి తరువాత వెలసిన గృహసముదాయాల ద్వారాల వద్ద, ఇంటిపని వారి రాకపోకలు నిమిషాలతో సహా మొబైల్ యాప్‌లో నమోదవుతాయి. గుర్తింపు పత్రం, ఛాయాచిత్రం, ఏయే ఫ్లాట్లకు వెళ్తుందో అన్నీ ఉంటాయి. ఫ్యాక్టరీల చట్టం కోరిన హాజరు పట్టిక కంటే ఇది కచ్చితమైనది. కానీ దాన్ని ఉంచేది భద్రత కోసం, ఆమెపై నిఘాగా. వేతన వివాదంలో అదే ఆమె పక్షాన సాక్ష్యం కాగలదన్న ఆలోచన ఇంకా చర్చకు రాలేదు.

కొల్లూరులోనే 2023 జూన్‌లో 15,660 రెండు పడకగదుల ఇళ్ల కాలనీ ప్రారంభమైంది. నగరంలోని బస్తీల కుటుంబాలకు పక్కా ఇల్లు దక్కింది. కానీ పనిచేసే ఇళ్లు పాత బస్తీల దగ్గరే ఉండిపోయిన స్త్రీలకు అది ఉపాధి మార్పు కూడా అయింది.

6. ఇల్లు పనిస్థలమైన సందర్భం

2006 అక్టోబరు 10 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటిపనిలో పెట్టుకోవడంపై నిషేధం అమలులోకి వచ్చింది. 2008 అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం ఇళ్లలో పనిచేసేవారిని కార్మికుల నిర్వచనంలో చేర్చింది. 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను ఆమోదించినప్పుడు భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది, నేటికీ ధ్రువీకరించలేదు.

వీటన్నిటిలో 2013 నాటి పనిస్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రత్యేకమైనది. నివాసగృహాన్ని అది స్పష్టంగా పనిస్థలం అన్నది. నేరుగా గానీ, ఏజెన్సీ ద్వారా గానీ, పూర్తికాలం గానీ, కొన్ని గంటలు గానీ పనిచేసే స్త్రీని నిర్వచించింది. ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి చేయాలి. పాత మెదక్ జిల్లాకూ, 2016లో ఏర్పడిన కొత్త జిల్లాకూ కేంద్రం సంగారెడ్డే. పటాన్‌చెరు పనిమనిషికి ఆ కమిటీ ఉన్న ఊరు ఒక పూట కూలి పోగొట్టుకుంటేగానీ చేరలేనంత దూరం. చేరినా ఆమె విషయంలో విధానం వేరు. కర్మాగార ఉద్యోగిని ఫిర్యాదుపై కమిటీ విచారణ జరుపుతుంది. ఇంటిపని కార్మికురాలి ఫిర్యాదులో ప్రాథమిక ఆధారం కనబడితే ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. వినడానికి ఇది గట్టి చర్యగా ఉంటుంది. కానీ ఉద్యోగం నిలబెట్టుకుంటూ న్యాయం పొందే మధ్యేమార్గం ఆమెకు లేదు.

ఇదే స్త్రీ కువైట్‌కు వెళ్లదలిస్తే రాజ్యం వైఖరి మారుతుంది. వలస అనుమతి అవసరమైన దేశాలకు ఇంటిపని మీద వెళ్లాలంటే ముప్పై ఏళ్లు నిండాలి, 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే నియామకం జరగాలి, ఒప్పందపత్రం ఉండాలి. విదేశీ యజమానిని నమ్మలేని రాజ్యం స్వదేశీ యజమానిని ఎందుకు అంతగా నమ్ముతోందో ఆలోచించదగినదే.

7. 'సంస్థ' అనే మాట

పారిశ్రామిక వివాదాల చట్టంలో ఇంటిపని 'పరిశ్రమ' అవునా కాదా అన్న చర్చ పాతది. 1978 నాటి బెంగళూరు నీటి సరఫరా సంస్థ తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ పరిశ్రమకు విశాలమైన అర్థం చెప్పారు. దానికి ప్రతిగా 1982లో పార్లమెంటు చేసిన సవరణ ఇంటి సేవను మినహాయించింది. ఆ సవరణ ఎన్నడూ అమలుకాలేదు. కానీ అందులోని మినహాయింపు 2020 పారిశ్రామిక సంబంధాల స్మృతిలో అలాగే తిరిగివచ్చింది.

నాలుగు కార్మిక స్మృతులూ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. వేతన స్మృతి 1948 చట్టాన్ని రద్దుచేసి, షెడ్యూలు పద్ధతికి స్వస్తి చెప్పింది. కనీస వేతనం ఇకపై ఉద్యోగులందరికీ అన్నది దాని ఘనత. బకాయి కోరే గడువు ఆరు నెలల నుంచి మూడేళ్లకు పెరగడం కూడా మేలే. అయితే 'ఉద్యోగి' అంటే ఒక 'సంస్థ'లో వేతనానికి పనిచేసేవారు. 'సంస్థ' అంటే పరిశ్రమ, వ్యాపారం, వాణిజ్యం, తయారీ లేదా వృత్తి సాగే స్థలం. నివాసగృహం ఆ నిర్వచనంలోకి వస్తుందా అన్నది స్మృతి చెప్పలేదు. వంటచేయడం ఆమె వృత్తి, అది సాగే చోటు ఆ ఇల్లు, కనుక ఇల్లు సంస్థే అని ఒక వాదం. వృత్తి యజమానిది కావాలి, అతడు అక్కడ నివసిస్తున్నాడే గానీ వృత్తి సాగించడం లేదని మరొక వాదం. రెండవది నిలిస్తే, అందరికీ వేతన హక్కు ఇచ్చిన చట్టమే 2007లో దక్కిన ఒక్క పద్దును తీసివేసినట్లవుతుంది. పాత నోటిఫికేషన్లు కొత్త స్మృతికి విరుద్ధం కానంతవరకు కొనసాగుతాయన్న రక్షణ నిబంధన ఉన్నప్పటికీ, విరుద్ధమా కాదా అన్నది మళ్లీ ఆ నిర్వచనం మీదే ఆధారపడుతుంది.

సామాజిక భద్రతా స్మృతి మాత్రం కుటుంబాలు నియమించుకున్న ఇంటిపని కార్మికులను పేరుపెట్టి చెప్పింది. 2021 ఆగస్టు 26న మొదలైన ఇ-శ్రమ్ నమోదు కూడా వారిని గుర్తిస్తుంది. ఈ రెండు చోట్లా ఆమె లబ్ధిదారు. యజమానిపై చందా గానీ, లిఖిత నియామక పత్రం ఇవ్వవలసిన బాధ్యత గానీ లేదు. తమిళనాడు 2007లో ఇంటిపని వారికి సంక్షేమ బోర్డు ఏర్పరచింది. మహారాష్ట్ర 2008లో చట్టం చేసింది. జహీరాబాద్ దాటితే వచ్చే కర్ణాటకలో 2025లో వెలువడిన ముసాయిదా బిల్లు యజమాని వైపు నుంచి సంక్షేమ రుసుము వసూలును ప్రతిపాదించింది. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఇంటిపని కార్మికులకు ప్రత్యేక చట్టం అవసరాన్ని పరిశీలించే కమిటీ వేయాలని, అది ఆరు నెలల్లో నివేదిక ఇవ్వాలని కేంద్ర మంత్రిత్వ శాఖలను ఆదేశించింది.

తెలంగాణ ప్రభుత్వం వేతన స్మృతి కింద చేసే నియమాల్లోనో, వెలువరించే వేతన నోటిఫికేషన్‌లోనో ఇంటిపనిని పేరుపెట్టి చేర్చడం సాధ్యమే. 2007లో అప్పటి ప్రభుత్వం చేసినది అటువంటి పనే. గంటల లెక్కన వేతనం, ఒకరికంటే ఎక్కువ యజమానులున్నప్పుడు సెలవు భారం పంచుకునే విధానం, ఇంట్లోనే ఉండే సంరక్షకురాలికి రాత్రి విశ్రాంతి అనే మూడు విషయాలు ఆ పేరు వెంట రావలసి ఉంది. అవి లేకుండా వచ్చిన 2007 పద్దు పద్దెనిమిదేళ్లు కాగితంపై నిలిచి, పటాన్‌చెరు ఇళ్లలో ఎంత దూరం చేరిందన్నది కార్మికశాఖ సంగారెడ్డి కార్యాలయ దస్త్రాల్లోని క్లెయిముల ఆధారంగా పరిశోధకులు ఇకముందు తేల్చవలసిన అంశం.